కొండపల్లి కొండ, పొణికిచెట్టు

విజయవాడనుండి ఖాజీపేటవైపు రైలులో వెళ్ళువారికి కొద్దిసేపటిలోనే కొండపల్లి స్టేషను వచ్చును. ఊరికి అండగా అడవి కప్పిన కొండ, దానిమీద శిథిలమైన కోట. కొండపల్లి బొమ్మ నెరుగని తెలుగు ఇల్లు అరుదు. ఆ బొమ్మకు కట్టె నిచ్చిన కొండ నెక్కి చూచినవారును అరుదే.

ఈ కోట పదునాలుగవ శతాబ్దమున రెడ్డిరాజుల నాటిది. తెలంగాణమునుండి కోస్తాకు దిగు దారికిని, కృష్ణానదికిని చేరువ తావగుటచే బలవంతులైన రాజులెల్లరు దీనిపై కన్నువేసిరి. గజపతులు, బహమనీలు, 1515లో కొండవీటిని పట్టిన పిమ్మట శ్రీకృష్ణదేవరాయలు, అటుపై గోల్కొండ సుల్తానులు, మొగలులు, 1766లో ఇంగ్లీషువారు — ఈ వరుస చరిత్ర పుస్తకములలో ఉన్నదే. శ్రోతలు వినదగినది 1481 ఏప్రిల్ నాటి సంగతి.

బహమనీ సుల్తాను మూడవ మహమ్మద్ షా దండు అప్పుడు కొండపల్లిలో విడిసియుండెను. మంత్రి మహమూద్ గవాను బీదరులో గొప్ప మదరసా కట్టించినవాడు. డెబ్బదేండ్లు దాటిన వృద్ధుడు. గిట్టనివారు తెల్లకాగితముపై ఆయన ముద్ర వేయించి, ఒరిస్సా రాజును దండెత్తి రమ్మని ఆయనే పిలిచినట్లు జాబు సృష్టించిరి. సుల్తాను విచారణయైనను చేయక తల తీయించెను. నిజము తరువాత తెలిసినది. మరుసటి సంవత్సరమే సుల్తానును మరణించెను. కొన్ని దశాబ్దములలో ఆ రాజ్యము అయిదు ముక్కలైనది.

దండులు పోయినవి, అడవి ఉన్నది. అందలి తెల్లపొణికి మీదనే క్రింది ఊరి శిల్పుల బ్రతుకు. తమ పూర్వులు రాజస్థానమునుండి వచ్చిరని వారు చెప్పుకొందురు. పొణికి తేలికైనది, మెత్తనిది. సన్నని సెగపై దాని తేమ పోగొట్టి, అవయవములను వేరువేరుగ చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి, రంగులు వేయుదురు. దశావతారములు, అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కు గీతకాడు ఇట్లే పుట్టుచున్నారు.

గట్టికట్టెతో ఈ పని సాగదు. పొణికియా, నరికినంత వేగముగ పెరుగదు. కొండదగ్గర చెట్లు పలుచబడినవి. కట్టెకై దూరము పోవలసివచ్చుచున్నది. కోటగోడల మరమ్మతునకు పెట్టు ఖర్చులో కొంత పొణికి మొక్కలు నాటుటకును కేటాయింపవలెను. నా మట్టుకు నేను గోడలకన్న మొక్కలనే ముందు లెక్కింతును.