గిడుగువారి సవరభాషా కృషి

నాఁటి గంజాం మండలపు కొండలలో వసించిన సవరల భాషను శాస్త్రదృష్టితోఁ బరిశీలించిన తెలుఁగు పండితులలో గిడుగు వేంకట రామమూర్తిగారు అగ్రగణ్యులు. 1863లో జన్మించి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయవృత్తి నవలంబించిన వీరు, కొండ దిగి వచ్చు సవరల పలుకుల నాలకించి, ఆ భాష నెఱిఁగినవారిని తమ యింటనే యుంచికొని నేర్చిరి. గ్రంథాలయమునఁ గాక బడిపట్టునఁ బుట్టిన కృషి యిది. సవరబిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పింపవలెనని పంతులుగారి పట్టుదల.

సవర తెలుఁగునకు జ్ఞాతి కాదు, ముండా కుటుంబమునకుఁ జేరినది. క్రియాపదములోనే నామము నిముడ్చుకొనును. కంఠము బిగియఁబట్టి పలుకు ధ్వనులు గలవు. తెలుఁగులిపి వానికిఁ జాలదు. పంతులుగారి వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. ఈ నడుమ, 1936లో, ఒరిస్సా రాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి యందుఁ జేరఁగా, వృద్ధులైన పంతులుగారు రాజమహేంద్రవరమునకుఁ దరలిరి. భాష కొండపైననే నిలిచెను, పరిశోధకుఁడు దూరమయ్యెను. ఆ యేఁటనే మంగెయి గొమాంగొ సవరకు సొరాంగ్ సొంపెంగ్ లిపిని గల్పించుట విశేషము.

1967లో బరంపురమున విశ్వవిద్యాలయము వెలసినది. తెలుఁగు, ఒడియా పండితులు కలసి ఈ పని సాగింపఁదగిన తావది. అయితే పంతులుగారి నిఘంటువును సవరపల్లెలకుఁ గొనిపోయి నేఁటి పలుకుబడితో సరిచూడవలసినవారు సవర విద్యార్థులే.