సెనేట్ కొట్టేసిన రహస్య షరతు

టర్కీ, అమెరికాల చెలిమి ఎప్పుడు మొదలైందంటే ఎక్కువమంది చెప్పే ఏడాది 1947. సోవియట్ భయంతో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ గ్రీసు, టర్కీలకు కలిపి 40 కోట్ల డాలర్ల సాయం అడిగింది అప్పుడే. నా లెక్కలో ఈ బంధం నడక తెలియాలంటే 1827 అక్టోబరు దాకా వెనక్కి వెళ్లాలి. నవరినో అఖాతంలో బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా కలిసి ఆటోమన్ నౌకాదళాన్ని ఒక్క పూటలో మట్టుబెట్టాయి. మళ్లీ ఓడలు కట్టించుకోవడానికి సుల్తాన్ రెండవ మహమూద్ అమెరికా వైపు చూశాడు. 1830 మే 7న వాణిజ్య ఒప్పందం కుదిరింది. అమెరికా వర్తక నౌకలకు నల్లసముద్రం దారి దొరికింది. అందుకు బదులుగా, సుల్తాన్ అమెరికాలో యుద్ధనౌకలు కట్టించుకోవచ్చని, కలప కొనుక్కోవచ్చని ఒక రహస్య షరతు చేరింది. అమెరికా సెనేట్ ఒప్పందాన్ని ఆమోదించి, ఆ షరతును మాత్రం కొట్టేసింది. లాభం తీసుకుని బదులు ఎగ్గొట్టడమే ఇది! నొచ్చుకున్న సుల్తాన్ కొలువుకు సర్దిచెప్పే పని తొలి దౌత్య ప్రతినిధి డేవిడ్ పోర్టర్ మీద పడింది. చివరికి 1831లో హెన్రీ ఎక్‌ఫర్డ్ అనే న్యూయార్క్ నౌకా నిర్మాత తాను కట్టిన ఓడలోనే ఇస్తాంబుల్ వచ్చాడు. ఆ ఓడను సుల్తాన్‌కు అమ్మి, అక్కడి ఓడల కర్మాగారంలో పనికి కుదిరాడు. మరుసటి ఏడాదే కన్నుమూశాడు; పనిని ఫోస్టర్ రోడ్స్ అందుకున్నాడు. ప్రభుత్వం ఇవ్వలేకపోయినదాన్ని ఒక వ్యాపారి తెచ్చిచ్చాడన్నమాట.

టర్కీ ఆయుధం అడుగుతుంది, అమెరికా ప్రభుత్వం ఊఁ అంటుంది, చట్టసభ అడ్డం తిరుగుతుంది. ఈ వరస మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. 1974లో టర్కీ సైన్యం సైప్రస్‌లో దిగింది. అమెరికా ప్రభుత్వం వద్దంటున్నా కాంగ్రెస్ పట్టుబట్టడంతో 1975 ఫిబ్రవరిలో ఆయుధాల సరఫరా ఆగిపోయింది. ఆ జులైలో టర్కీ తన గడ్డ మీది అమెరికా స్థావరాలను చేతిలోకి తీసుకుంది. ఆంక్ష తొలగింది 1978లో. అంతకుముందు ఆయుధాల ఊసే లేని చోట కూడా సెనేట్ మొండికేసింది: 1923లో లాసాన్‌లో టర్కీతో కుదిరిన ఒప్పందాన్ని 1927 జనవరిలో తిరస్కరించింది. నెల తిరక్కుండా రెండు ప్రభుత్వాలూ లేఖలు మార్చుకుని దౌత్య సంబంధాలు పునరుద్ధరించుకున్నాయి.

బంధమంతా ఆయుధాల బేరమేనా అని అడగవచ్చు. 1863లో ఇస్తాంబుల్‌లో అమెరికన్లు నెలకొల్పిన రాబర్ట్ కాలేజీ ఉంది. వాషింగ్టన్‌లో మరణించిన టర్కీ రాయబారి మునీర్ ఎర్తెగున్ భౌతికకాయాన్ని 1946 ఏప్రిల్‌లో మిస్సూరీ యుద్ధనౌక ఇస్తాంబుల్ చేర్చింది. ఆ రాకకు టర్కీ తపాలా బిళ్లలు కూడా వేసింది. ఆ ఆదరం బూటకమని నేను అనను. కానీ సోవియట్ ఒత్తిడి లేకుంటే ఒక రాయబారి పార్థివదేహానికి అంత పెద్ద యుద్ధనౌక కదిలేదా? 1964లో సైప్రస్ జోలికి వెళ్లవద్దని టర్కీకి లేఖ రాసి హెచ్చరించింది కాంగ్రెస్ కాదు, అధ్యక్షుడు జాన్సనే కదా అన్నది ఇంకాస్త బలమైన అభ్యంతరం. నిజమే. అయితే ఆ లేఖలోని కీలకం కూడా ఆయుధాలే: అమెరికా ఇచ్చినవాటిని తన సమ్మతి లేకుండా అక్కడ వాడరాదన్నాడు. 2003 మార్చి 1న పాత్రలు తారుమారయ్యాయి. అమెరికా సేనలను ఇరాక్‌కు టర్కీ నేల మీదుగా వెళ్లనివ్వాలన్న తీర్మానానికి అంకారా పార్లమెంటులో 264 ఓట్లు అనుకూలం, 250 వ్యతిరేకం. తటస్థులు 19 మంది కావడంతో, హాజరైనవారిలో సగం దాటక తీర్మానం వీగిపోయింది.

రష్యా ఎస్-400 క్షిపణులు టర్కీకి చేరాక 2019లో ఆ దేశాన్ని ఎఫ్-35 విమానాల పథకం నుంచి తప్పించారు. ఆ తర్వాత ఎఫ్-16ల అమ్మకం స్వీడన్ నాటో సభ్యత్వంతో ముడిపడింది. 2024 జనవరి 23న అంకారా పార్లమెంటు స్వీడన్‌కు సరేనంది. 26న 2,300 కోట్ల డాలర్ల ఎఫ్-16ల బేరం అమెరికా కాంగ్రెస్ ముందుకు వచ్చింది.