పై వైద్యుని కోసం నిరీక్షణ – కింది వైద్యుని భారం

కోడేరు నేడు నాగర్‌కర్నూల్ జిల్లాలో మండల కేంద్రం. 2016 అక్టోబరులో జిల్లాల విభజన జరిగేవరకు మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. ఇటువంటి ఊళ్ళ వైద్యచరిత్ర వ్రాసేవారు ఆస్పత్రి ఎప్పుడు కట్టారో చెబుతారు. నిపుణుని కోసం రోగి ఎన్నాళ్ళు ఆగాడు, అంతకాలమూ స్థానిక డాక్టరు ఏం చేశాడు అన్న సంగతి మాత్రం మరుగున పడిపోతుంది. నాకు తెలుసుకోవాలనిపించేది అదే.

ప్రాథమిక ఆరోగ్యకేంద్రం అన్న ఆలోచనకు మన దేశంలో రూపమిచ్చింది 1946 నాటి భోర్ కమిటీ నివేదిక. అది బ్రిటిష్ ఇండియాను ఉద్దేశించినది. పాలమూరు అప్పటికి నిజాం ఏలుబడిలో ఉంది. 1952లో మొదలైన సమాజ వికాస పథకంతో ఈ కేంద్రాలు పల్లెలకు చేరసాగాయి. కమిటీ ఊహించినది ఒక నిచ్చెన: కింద పల్లె డాక్టరు, నడుమ నిపుణులుండే ఆస్పత్రి, పైన జిల్లా ఆస్పత్రి. కింది మెట్టు ఏదోవిధంగా పడింది. నడిమి మెట్టుకు మనుషులు దొరకలేదు. 2021-22 నాటి గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం, దేశంలోని సామాజిక ఆరోగ్యకేంద్రాలలో ఉండవలసిన నిపుణులలో దాదాపు 80 శాతం మంది లేరు.

ఆ లోటు పల్లె డాక్టరు మీదనే పడుతుంది. గుండెజబ్బేమోనన్న అనుమానంతో పట్నానికి చీటీ వ్రాసి పంపిన రోగి, అక్కడి వరుసలో ఆగలేకనో, దారిఖర్చుకూ పోయే కూలికీ జడిసియో, తిరిగి ఆ డాక్టరు దగ్గరికే వస్తాడు. జబ్బేదో తేలలేదు. మందు ఆపితే ప్రమాదం, మార్చితే భయం. పైనుండి బదులు చీటీ రాదు. జ్వరాలు, టీకాలు, గర్భిణుల పరీక్షల నడుమ ఈ తేలని జబ్బును కూడ ఆ డాక్టరే మోయాలి. ఆలస్యానికి నింద కూడ ఆయనకే. నమ్మకం సడలిన రోగి ఆర్‌ఎంపీ గడప తొక్కుతాడు.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ తొలిగా మొదలైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. పెద్ద ఆపరేషన్లకు దారి దగ్గరైంది. అయితే అది ప్రధానంగా ఆస్పత్రిలో చేర్చుకొని చేసే వైద్యానికి ఉద్దేశించినది. ఏళ్ళ తరబడి మందులు వాడవలసిన రోగి భారం చాలావరకు కింది కేంద్రానిదిగానే మిగిలింది.

2019లో వచ్చిన ఈ-సంజీవని దూరం నుండే నిపుణుని సలహా అందించడానికి. 2022లో నాగర్‌కర్నూల్‌లో ప్రభుత్వ వైద్యకళాశాల మొదలైంది. సంతోషమే. కోడేరులో వ్రాసిన చీటీకి అక్కడినుండి ఎన్నాళ్ళలో బదులు వస్తున్నదో కూడ ఎవరైనా లెక్క వ్రాసిపెడితే, రేపటి చరిత్రకారునికి పడకల సంఖ్య కన్న అదే ఎక్కువ చెబుతుంది.