నమూనా లేని సంతకం

భూరికార్డుల ప్రక్షాళన నాటి నుంచి తెలంగాణ పల్లెల్లో ‘డిజిటల్ సంతకం’ అందరి నోటా నానిన మాట. 2016లో మండలమైన నాగల్‌గిద్దలోనూ పట్టాదారు రైతుకు దాని విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు కనిపించే ‘నో పబ్‌కీ’ గొడవ కూడా సంతకం గొడవే. సంతకం ఉంది, బ్యాంకులో నమూనా సంతకంలా దాన్ని సరిపోల్చే పబ్లిక్ కీ మన దగ్గర లేదు.

1991లో ఫిల్ జిమర్‌మన్ ఇలాంటి సంతకాలు చేసే, సరిచూసే పీజీపీ ప్రోగ్రామ్ రాశాడు. 1999లో వెర్నర్ కోఖ్ అదే పని చేసే జీఎన్‌యూపీజీ 1.0ను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా అందించాడు. అయినా డెబియన్ లినక్స్ వాడేవాళ్లం చాలాకాలం సర్వర్ ఏది పంపితే అదే నమ్మాం. 2003 నవంబరులో డెబియన్ సర్వర్లలోకే దొంగలు జొరబడ్డారు. 2007 ఏప్రిల్‌లో వచ్చిన డెబియన్ 4.0లో గానీ, సాఫ్ట్‌వేర్ తెచ్చి ఎక్కించే ‘ఆప్ట్’ సంతకాలను సరిచూడటం స్థిరపడలేదు. 2008లో ఫెడోరా లినక్స్ సర్వర్లలోకీ దొంగలు జొరబడ్డారు. ఫెడోరా వాళ్లు సంతకం కీలే మార్చేశారు.

కీ లేకపోతే ఏం చేయాలి? ఏళ్ల తరబడి అందరం ఒకటే మంత్రం చదివాం: అందరి కీలూ ఉంచే కీసర్వర్ నుంచి తెచ్చి ‘ఆప్ట్-కీ’ ఆదేశంతో చేర్చేయడం. అలా చేర్చిన కీ ఏ సాఫ్ట్‌వేర్ భాండాగారానికైనా చెల్లుతుంది. ఒక తహసీల్దారు సంతకం అన్ని మండలాల్లోనూ చెల్లితే ఎంత ప్రమాదమో ఇదీ అంతే. పైగా కీకి ఉండే ఎనిమిది అక్షరాల పొట్టి గుర్తును చూసి నమ్మేవాళ్లం. 2016లో సాక్షాత్తూ లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కీకి అదే పొట్టి గుర్తుతో నకిలీ బయటపడింది. 2019లో కొందరి కీల మీద దొంగ ధ్రువీకరణలు వేలకువేలు గుమ్మరించేసరికి పాత కీసర్వర్ల వ్యవస్థ కుదేలైంది. 2021లో ఆ సర్వర్ల కూటమి మూతపడింది. ఇప్పుడు ‘సైన్డ్-బై’ అనే వరసతో ఏ భాండాగారపు కీని ఆ భాండాగారానికే కట్టేస్తున్నాం. నా దృష్టిలో ఇన్నేళ్లలో జరిగిన అసలైన మేలు ఇదే.

2025 ఏప్రిల్‌లో కాలీ లినక్స్ వాళ్లు సంతకం చేసే తమ కీ చేజారిందని ప్రకటించి కొత్తది ఇచ్చారు. అది చేర్చుకోనివాళ్లకు అప్‌డేట్లు ఆగిపోయాయి. అంత పెద్ద ఇంట్లోనూ ఇలా జరుగుతుంది కాబట్టి హెచ్చరిక రాగానే కంగారుపడి తనిఖీని ఆపేయకండి. తయారుచేసినవారి సొంత సైటు నుంచే కీ తెచ్చుకోండి. దాని వేలిముద్ర (ఫింగర్‌ప్రింట్)లో సాధారణంగా నలభై అక్షరాలుంటాయి. ఒక్కొక్కటీ వేలు పెట్టి సరిచూశాకే చేర్చండి.