మదనపల్లె ఫొటోల్లో పేరు లేని వాళ్లు

ఈ ఎపిసోడ్ ఒక స్టూడెంట్ ప్రాజెక్ట్ వల్ల వచ్చింది. ఫెమినిజం మీద ఫొటోలు తీసి కొంతమంది స్టూడెంట్స్ నాకు పంపారు. మదనపల్లె మార్కెట్‌లో టమాటాలు ఏరుతున్న ఆమె, పుంగనూరు దగ్గర ఆవు పాలు పిండుతున్న అవ్వ, కుప్పం స్టేషన్‌లో బెంగళూరు రైలు కోసం నిలబడ్డ అక్కలు. ఫొటోలు సూపర్. కింద క్యాప్షన్లు చూస్తే ‘కూలీ మహిళ’, ‘రైతు భార్య’, ‘ఉద్యోగినులు’. ఒక్క పేరు లేదు.

ఈ పేరు గొడవ పాతదే, అదీ మదనపల్లెలోనే. బీసెంట్ థియొసాఫికల్ కాలేజీ తెలుసు కదా? 1919 ఫిబ్రవరిలో టాగూర్ అక్కడ ఉన్నప్పుడే జనగణమనను ఇంగ్లిష్‌లోకి మార్చారు. ఆ పాటకి స్వరాలు రాసిపెట్టింది ఎవరంటే, చాలామంది చెప్పే జవాబు ‘ప్రిన్సిపాల్ గారి భార్య’.

ఆమె పేరు మార్గరెట్ కజిన్స్. ఐర్లండ్ మనిషి. ఆడవాళ్ల ఓటు కోసం కొట్లాడి లండన్‌లో ఒకసారి, ఐర్లండ్‌లో ఒకసారి జైలుకెళ్లి, 1915లో ఇండియాకి వచ్చారు. మదనపల్లెలో ఆడవాళ్ల కోసం సంఘం పెట్టారు. దాని పేరు అబలా అభివర్ధినీ సమాజం. జైలుకెళ్లొచ్చిన మనిషి సంఘానికి ‘అబల’ అని పేరేంటో, నాకైతే నవ్వొచ్చింది. 1917లో అడయారులో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ మొదలైంది, అందులోనూ ఆమె ఉన్నారు. అదే ఏడాది డిసెంబర్ 18న సరోజినీ నాయుడు ముందుండి, మద్రాసులో బ్రిటిష్ మంత్రి మాంటేగుని కలిసి ఆడవాళ్లకీ ఓటు కావాలని అడిగారు. దాని వెనక పని చాలావరకు మార్గరెట్‌దే.

1921లో మద్రాసు ప్రెసిడెన్సీ ఆడవాళ్లకి ఓటు ఇచ్చింది. మన చిత్తూరు జిల్లా అప్పుడు అందులోనే. కానీ ఇక్కడ చిన్న కండిషన్ ఉంది: ఆస్తి ఉండాలి, పన్ను కట్టాలి. అంటే మన ఫొటోలో టమాటా ఏరే ఆమె ముత్తవ్వకి ఓటు లేనట్టే. ఆస్తితో పని లేకుండా అందరికీ ఓటు వచ్చింది రాజ్యాంగంతోనే.

అప్పుడూ పేరు దగ్గరే ఆగింది, చూడండి. 1951-52 ఎన్నికల లిస్ట్ రాసేటప్పుడు చాలామంది ఆడవాళ్లు సొంత పేరు చెప్పలేదు, ‘ఫలానా వాళ్ల భార్య’, ‘ఫలానా వాళ్ల కూతురు’ అన్నారు. ఎక్కువగా బీహార్, యూపీ, రాజస్థాన్ వైపు. సుమారు 28 లక్షల మందిని లిస్ట్ నుంచి తీసేశారు. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పేరు లేకుండా ఒప్పుకోలేదు. కఠినమే, కానీ నాకు కరెక్టే అనిపిస్తుంది.

ఇక ఆస్తి సంగతి. ఎన్టీఆర్ ప్రభుత్వం 1985లోనే పూర్వీకుల ఆస్తిలో కూతుళ్లకి సమాన వాటా ఇచ్చింది. దేశమంతా అది 2005లో వచ్చింది. మనం ఇరవై ఏళ్లు ముందున్నాం, కాగితం మీద.

అందుకే ఆ స్టూడెంట్స్‌కి ఫోన్ చేసి చెప్పా. మళ్లీ వెళ్లండి, రెండే అడగండి: ‘నీ పేరేంటమ్మా? పట్టాదారు పాసుబుక్ ఎవరి పేరు మీద ఉంది?’ పుంగనూరు అవ్వ పేరు వెంటనే చెప్పిందట. పాసుబుక్ సంగతికి మాత్రం ‘మా పెద్దోణ్ణి అడగండి నాయనా’ అందట.

మీరూ మీ ఊళ్లో తీసి పంపండి. పేరు వేసే ముందు వాళ్లని అడగండి, వద్దంటే వదిలేయండి. వచ్చినవి నెక్స్ట్ ఎపిసోడ్‌లో చూద్దాం.