మారుమనువు ఇండ్ల పిల్లలు

మన పల్లెలలో అవ్వలును అక్కలును ఊరక చేయు పనికి అమెరికాలో కూలి కలదు. తల్లిదండ్రులు వెలుపలికి పోయినపుడు పొరుగింటి బాలిక వచ్చి పసివారిని కనిపెట్టుకొనును. దీనిని బేబీసిటింగు అందురు. స్కొలాస్టిక్ సంస్థ సంపాదకురాలు జీన్ ఫైవెల్ సూచనపై యాన్ ఎం. మార్టిన్ అను రచయిత్రి 1986లో 'ది బేబీసిటర్స్ క్లబ్' అను నవలామాలను ఆరంభించెను. నాలుగు పుస్తకములతో ముగియవలసినది 2000 వరకు సాగి, అనుబంధ మాలలతో కలిపి 200 దాటెను. తరువాతివానిలో పెక్కు ఇతరులు వ్రాసినవే.

పేరు పిల్లలను కాచుటదే యైనను, అసలు కథ ఇండ్లు చీలి మరల కలియుటయే. కాలిఫోర్నియాలో 1970 నుండి తప్పు మోపకయే విడాకులు పొందు చట్టము అమలయ్యెను. ఆ దశకమున దేశమంతట విడాకులు మిక్కిలి పెరిగెను. రెండిండ్ల నడుమ పెరుగు పిల్లలకు ఈ పుస్తకములు తమ యింటి మాటనే చెప్పినవి. క్రిస్టీ తండ్రి ఇల్లు విడిచిపోయెను; తల్లి వాట్సన్ అను ధనికుని మారుమనువాడెను. మేరీ ఆన్ తండ్రియు డాన్ తల్లియు పెండ్లాడగా స్నేహితురాండ్రిద్దరు అక్కచెల్లెండ్రైరి. కాని ఒక్క గదిలో ఇమడలేకపోయిరి. ఈ కలహమును దాచకుండుట మెచ్చదగినది.

నాటి పాఠకురాండ్రు పెద్దవారై ఆ పుస్తకములను మరల తెరచిరి. వారిలో కొందరు రచయితలు, చిత్రకారులు 2021లో ఒక వ్యాససంపుటమును వెలువరించిరి. జపాను సంతతి బాలికయగు క్లాడియాను గూర్చి 2020లో ఒక లఘుచిత్రము వచ్చెను. చదువులో వెనుకబడి చిత్రలేఖనమున ముందున్న ఆమె, ఆసియా సంతతి పిల్లలకు అపురూపముగా తోచెను.

క్రిస్టీని గూర్చిన పుటలు చదువరి వయసుతో మారును. బాల్యమున చదువరి ఆమె పక్షమే. పెద్దయి చదివినచో, ముఖము చిట్లించు పిల్లయెడల వాట్సన్ వహించిన ఓర్పు కానవచ్చును. తొలి నవలలోనే ఒకనాడు, విధిలేక, అతని బిడ్డలిద్దరిని ఆమె కాచెను. వారు ఆమెకు నచ్చిరి.