8085లో పట్టికకెక్కని పది ఆదేశాలు

తెలుగునాట పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాలల్లో ఎలక్ట్రానిక్స్ చదివిన తరాలకు మైక్రోప్రాసెసర్ పాఠం ఇంటెల్ 8085తోనే మొదలైంది. 1976లో వెలువడిన ఈ చిప్‌కు ప్రతి ఆదేశమూ ఎనిమిది బిట్ల సంకేతంగా, అంటే ఆప్‌కోడ్‌గా, అందుతుంది కాబట్టి మొత్తం 256 సంకేతాలకు వీలుండగా, ఇంటెల్ మాన్యువల్‌లోని పట్టిక 246కే అర్థం చెప్పి పదింటిని ఖాళీగా వదిలింది.

ఖాళీగా కనిపించిన ఆ గళ్ల వెనుక చిప్‌లో నిజమైన ఆదేశాలే ఉన్నాయి. హెచ్‌ఎల్ జంట రిజిస్టర్‌కు బీసీ జంటను కలిపే డాడ్ బి ఆదేశానికి 09 సంకేతమని పట్టికలో ఉంటుంది. దాని పక్కనే ఉన్న 08 బీసీని హెచ్‌ఎల్ నుంచి తీసివేస్తుందన్న మాట మాత్రం అందులో లేదు. అందుచేత పదహారు బిట్ల తీసివేత ప్రయోగంలో విద్యార్థి ముందు దిగువ బైట్లను, ఆపై అప్పుతో సహా ఎగువ బైట్లను తీసివేస్తూ ఆరు ఆదేశాలను కిట్ మీటలపై ఒక్కొక్కటిగా నొక్కవలసి వచ్చేది; వాటికి 24 క్లాక్ స్పందనలు పడితే, 08 ఒక్కటే పదింటిలో ఆ పని ముగిస్తుంది. ఫలితపు స్థితిని తెలిపే ఫ్లాగ్ రిజిస్టర్ బొమ్మలో గుణకారపు గుర్తు వేసి వదిలిన మూడు గళ్లలోనూ రెండు పనిచేసే ఫ్లాగులే.

ఈ మౌనం పొరపాటు కాదు. 8085 రూపకల్పనలో పాలుపంచుకున్న స్టాన్లీ మేజోర్ తరువాతి కాలంలో చెప్పిన ప్రకారం, అంతకు ముందటి ఇంటెల్ చిప్ 8080లో లేకుండా కొత్తగా చేర్చిన పన్నెండు ఆదేశాల్లో పదింటిని ప్రకటించకపోవడానికి రానున్న 8086 చిప్‌తో పొంతన కుదరాలన్న ఆలోచన ఒక కారణం. బయటికి వచ్చినవి రిమ్, సిమ్ రెండే. అయినా 1979 జనవరిలో డేన్‌హార్ట్, సోరెన్సెన్ అనే ఇద్దరు ‘ఎలక్ట్రానిక్స్’ పత్రికలో ఆ పదింటినీ వివరించారు.

ఇదే కాలపు 6502 చిప్ సంగతి వేరు. అందులో ప్రకటించిన సంకేతాలు 151 మాత్రమే కాగా, మిగిలినవాటిని ఎవరూ రూపొందించలేదు. సంకేతాన్ని విడదీసే తర్కాన్ని పొదుపుగా అల్లినందున, రెండు ఆదేశాల దారులు ఒకేసారి తెరుచుకుని ఒకే విలువ రెండు రిజిస్టర్లలోకి చేరడం వంటి ఫలితాలు వాటంతటవే పుట్టాయి. అలాంటి యాదృచ్ఛిక ఫలితాలను, రూపొందించి మరీ దాచిన 8085 ఆదేశాలను ఒకే గాటన కట్టడం సరికాదు.

దాచినవాటిని వాడుకోవడంలో చిక్కూ ఉంది: 8080 కోసం రాసిన ప్రోగ్రాములు చాలావరకు 8085పైనా జైలాగ్ జడ్80పైనా నడిచేవి గాని, 08ను జడ్80 రిజిస్టర్ల మార్పిడికి కేటాయించుకున్నందున, తీసివేతకు దాన్ని నమ్ముకున్న ప్రోగ్రాము అక్కడ తప్పు ఫలితమే ఇస్తుంది.